కత్తెర పడని పూలమడి

ఆ వీధిలో సగం తలలు ఆమె చేతిలోంచి వెళ్ళినవే. అందుకే ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. పెద్దవాళ్ళకు కత్తెరమ్మ, చిన్నవాళ్ళకు కత్తెరక్క. మూడంతస్తుల మేడలో కింద, మెట్ల పక్క గదిలో ఆమె షాపు. ఒక పెద్ద అద్దం, ఒక ఇనుప కుర్చీ, వంతు కోసం కూర్చునేవాళ్ళకు గోడ వారగా ఒక బల్ల, కిటికీ గట్టు మీద దువ్వెనలు నానేసిన గాజు సీసా. ఆ సీసా పక్కనుంచి బయటికి చూస్తే మేడకూ ప్రహరీకీ మధ్య, గేటు నుంచి కుళాయి దాకా సాగిన సన్నటి నేల కనిపిస్తుంది. గొడవంతా ఆ నేల గురించే.

గొడవకు ముందు ఇనుప కుర్చీ సంగతి చెప్పాలి. కత్తెరక్క ఎలాంటి మనిషో తెలియాలంటే అంతకంటే దగ్గర దారి లేదు.

ఆ కుర్చీ ఆమె మొదట పనిచేసిన మగవాళ్ళ సెలూన్‌ది. అక్కడ ఆమెను పెట్టుకున్నది నేల ఊడవడానికి. చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, ముసలి యజమాని చేతులు చూసి చూసి పని నేర్చుకుంది. నేర్చుకున్నట్టు ఆయనకు తెలియదు. ఒకరోజు ఆయన వేలు తలుపు సందులో పడి నలిగిపోయింది. కుర్చీలో ఒక పెద్దమనిషి, గడ్డం నిండా సబ్బు నురగ. చీపురు పక్కన పెట్టి కత్తి అందుకున్న పిల్లను చూసి ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"ఆడపిల్ల చేత గడ్డం గీయించుకోవాలా నేను?"

"అక్కర్లేదండి. నురగతోనే వెళ్ళండి. అద్దంలో ఒకసారి చూసుకుని మరీ వెళ్ళండి," అంది ఆ పిల్ల.

ఆయన అద్దంలో చూసుకున్నాడు. కూర్చున్నాడు. ఎక్కడా తెగలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా "ఆ నోరున్న పిల్ల ఏదీ?" అని అడిగి మరీ కూర్చునేవాడు. చాలా ఏళ్ళకు యజమాని షాపు మూసేస్తూ నీకేం కావాలని అడిగితే, ఆమె ఆ కుర్చీ అడిగింది. నలుగురు పడితే గానీ కదలని కుర్చీ. "దీన్ని ఏం చేసుకుంటావే?" అన్నాడు ఆయన. "దీన్లోంచి నన్నెవరూ లేపలేరు," అంది.

తర్వాత సొంతంగా ఈ మేడలో షాపు పెట్టినప్పుడు, మేడవాళ్ళు వెంట్రుకలు కాలవలోకి పోతాయని అభ్యంతరం చెప్పారు. కత్తెరక్క కాలవ మూతకు జల్లెడ బిగించి, ప్రతి సాయంత్రం అందరూ చూసేలా మెట్ల ముందే దాన్ని దులిపేది. కొన్నాళ్ళకు చూడలేక వాళ్ళే "లోపల దులుపుకోమ్మా" అన్నారు. భర్త చెల్లెలు, ఆమె ఆడపడుచు, అత్తారిల్లు వదిలేసి ఒక సంచీతో వచ్చి నిలబడ్డప్పుడు మళ్ళీ మేడంతా గుసగుసలు. కత్తెరక్క ఆడపడుచు చేతికి దువ్వెన ఇచ్చి, కిటికీ ఎదురుగా, దారిన పోయే ప్రతివాళ్ళకూ కనిపించేలా నిలబెట్టింది. ఆ అమ్మాయి చేతిలో జడలు పలికేవి. వంగి కూర్చున్న తలను ఒక్కసారి చూసి, పాయ పాయా విడదీసి, బిగువు ఎక్కడా సడలకుండా అల్లుకుపోయేది. "కత్తిరించాలంటే వదిన, అల్లాలంటే ఆడపడుచు" అని వీధిలో పేరు పడింది. ఆ పేరే తర్వాత కొంప మీదికి తెచ్చింది.

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన భార్య ఒకామె ఉండేది, షాపుకు మొదటి రోజుల నుంచి వచ్చే మనిషి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ చివరిసారి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, ఒక గోనెసంచి తెచ్చి బల్ల కింద పెట్టింది. అందులో మట్టి అంటిన దుంపలు. ఉల్లిపాయల్లా ఉన్నాయి.

"డాఫడిల్ పూల దుంపలు. మా పెరట్లోవి. నేను పోతే ఆ వచ్చేవాళ్ళు తవ్వి పారేస్తారు. నువ్వయితే ఎవరు పారేయమన్నా పారేయవని నీకిస్తున్నా."

అది పొగడ్తో కాదో కత్తెరక్కకు తెలియలేదు. "ఏం చేయాలి వీటిని?" అంది.

"చలి ముదరకముందే నాటు. మూతి పైకి, వేళ్ళు కిందికి. దుంప ఎంతుందో దానికి మూడింతల లోతు. చలికాలమంతా లోపల పడుకుంటాయి, చలి తగ్గుతుంటే లేస్తాయి. పూలు వాడాక తల తుంచెయ్, గింజ కట్టనివ్వకు. కానీ ఆకు జోలికి మాత్రం పోకు. పచ్చబడి, వాలి, ఎండి, దానంతటదే చేతికి ఊడొచ్చేదాకా ఉండనీ. ఆకు తిన్నదే దుంపకు కూడు. మళ్ళీ ఏడు పువ్వు ఆ కూటిలోంచే."

ఆ సాయంత్రం భర్త పనికి బయల్దేరుతూ సంచిలోకి తొంగి చూశాడు. ఆయనకు బేకరీలో పొయ్యి దగ్గర పని; ఊరు పడుకునే వేళకు వెళ్ళి ఊరు లేచే వేళకు వస్తాడు. "ఉల్లిపాయలా? మంచివి దొరికాయే," అన్నాడు.

"తిని చూడు. వాంతులతో నువ్వు పడుంటే రేపు నీ పొయ్యి ఇంకెవరో రాజేసుకోవాలి."

గేటు నుంచి కుళాయి దాకా ఉన్న ఆ నేలలో అంతకుముందు విరిగిన పూలకుండీలూ, ఎవరిదో చక్రం లేని సైకిలూ ఉండేవి. వదినా ఆడపడుచులు కలిసి వాటిని తీసేసి, నేల గుల్ల చేసి, దుంపలు నాటారు. భర్త బేకరీ పొయ్యిలోంచి కట్టె బూడిద డబ్బాలో తెచ్చి చల్లాడు. మేడవాళ్ళు కిటికీల్లోంచి చూశారు గానీ ఎవరూ ఏమీ అనలేదు. చలి ముగుస్తుండగా ఆకుపచ్చ ముక్కులు మట్టి చీల్చుకుని వచ్చాయి. ఇంకా చెట్లకు ఆకులైనా రాకముందే, బూడిద రంగు గోడ కింద పసుపుపచ్చటి పూలు వరస కట్టి తలలు ఊపాయి. గేటు ముందు ఆగని మనిషి లేడు. కొత్త కస్టమర్లు వచ్చారు. "ఆ పూల షాపా?" అని గుర్తు చెప్పుకున్నారు.

కత్తెరక్క పొద్దున్నే షాపు తెరిచి ముందు అక్కడ నిలబడేది. ఆమె చేసే పనికి ఆయుష్షు తక్కువ. ఎంత బాగా కత్తిరించినా నెల తిరక్కుండా పెరిగి చెరిగిపోతుంది. సాయంత్రం అయ్యేసరికి చేసిన పనంతా చీపురు ముందు కుప్ప. ఆమె చేత్తో పెట్టింది ఏదైనా తిరిగి రావడం అదే మొదటిసారి.

పూలు వాడాయి. తలలు తుంచింది. ఆకులు మిగిలాయి. మొదట్లో పచ్చగా నిటారుగా ఉన్నాయి, తర్వాత వాలాయి, అడ్డదిడ్డంగా దారి మీదికి పడ్డాయి, చివర్లు పసుపు తిరిగాయి. తలంటుకుని దువ్వుకోని మనిషిలా తయారయింది మడి.

మేడ సంఘం సెక్రటరీగారికి ఇది కంట్లో నలుసయింది. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. చెడ్డవాడేం కాదు. మెట్ల లైటు మాడిపోతే తనే స్టూలు వేసుకుని మారుస్తాడు. కానీ చెప్పులు కూడా గోడకు సమాంతరంగా లేకపోతే నిద్రపట్టని మనిషి. ఆయన కారు వీధిలో పెట్టుకోవాల్సి వస్తోంది, దాని మీద ఎవరో రెండుసార్లు గీతలు గీశారు. ఆ నేల మీద రాళ్ళు పరిస్తే బండ్లు లోపల పెట్టుకోవచ్చని ఆయన ఆలోచన. ఆయన భార్య కత్తెరక్కకు పిన్నిగారు. ఆయన మాత్రం ఎప్పటికీ సెక్రటరీగారే. ఆ చుట్టరికంలో తేడా ఆయనకూ తెలుసు.

"కత్తెరమ్మా, పూలు అయిపోయాయిగా. ఇంక ఆ గడ్డి కోయించేయరాదూ?"

"గడ్డి కాదండి. ఆకు."

"ఏదైతేనేం. ఊరందరి జుట్టూ కత్తిరిస్తారు, ఇదొక్కటీ మీ చేత కాదా?"

"చేతవును. చెయ్యను."

"చూడ్డానికి ఎంత చెత్తగా ఉందో తెలుసా?"

"మీరు అటు చూడకుండా వెళ్ళండి సెక్రటరీగారూ. మెట్లు ఇటున్నాయి."

అలా మాటా మాటా పెరిగింది. పై అంతస్తులోంచి ఎవరో గొంతు కలిపారు. ఆ అరుపుల్లో "అసలు ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో కూడా చూడాలి" అన్న ముక్క ఒకటి దొర్లింది. అన్నది సెక్రటరీ కాదు, ఎవరన్నారో తెలియలేదు. కత్తెరక్క పట్టించుకోలేదు. లోపల దువ్వెన పట్టుకుని నిలబడ్డ ఆడపడుచు పట్టించుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే ఆ అమ్మాయి లేచి మడి దగ్గర కూర్చుంది. వదిన షాపు తెరిచేసరికి మడి మడిలా లేదు. ప్రతి దుంప ఆకుల్నీ పాయలు తీసి, బిగువుగా జడ అల్లి, మడిచి, కొసను షాపులోని రబ్బరుబ్యాండుతో కట్టేసింది. గేటు నుంచి కుళాయి దాకా, బడికి బయల్దేరిన ఆడపిల్లల్లా వరసగా ముడులు.

"కత్తిరించలేదు వదినా. ఒక్క ఆకు కూడా తెంపలేదు. అల్లానంతే," అంది, చేతికి అంటిన పసరు తుడుచుకుంటూ. "ఇంక ఎవరూ ఏమీ అనరు."

కత్తెరక్కకు దుంపలిచ్చినామె మాట గుర్తుకొచ్చింది. ఆకు జోలికి పోకు. కానీ కత్తెర పడలేదు కదా. పైగా పని చూస్తే ఎంత బాగుందో! ఆ బిగువు, ఆ వరస. తన దగ్గర నేర్చుకున్న చెయ్యి. "బాగుంది," అంది. బాగుందనే అనుకుంది.

సెక్రటరీగారు మెట్లు దిగుతూ ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మొదటిసారి నవ్వాడు. "ఇదీ పద్ధతి. ఇప్పుడు మడిలా ఉంది." పక్క వీధి నుంచి కూడా చూడ్డానికి వచ్చారు. పిల్లలు ఒక్కో జడకు ఒక్కో పేరు పెట్టారు. కుళాయి కింద ఒక్క కుదురు మాత్రం విరబోసుకుని ఉండిపోయింది. కుళాయి కారుతుంది, అక్కడంతా బురద, ఆడపడుచు అటు వెళ్ళలేదు.

వేసవి ముదిరాక జడలు ఎండిపోతే కత్తెరక్కే వాటిని లాగి పారేసింది. ఒకటి చేతిలో విడిపోయింది. పైన ఆకులు గడ్డి రంగులో ఉన్నాయి, లోపలి పాయలు మాత్రం తెల్లగా, కట్టు విప్పిన చోట చర్మంలా పాలిపోయి ఉన్నాయి. చూసింది. పక్కనున్న ఆడపడుచూ చూసింది. అప్పుడు ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

మళ్ళీ చలి వచ్చింది, పోయింది. ముక్కులు లేచాయి, ఆకులు వచ్చాయి. సన్నగా, నీరసంగా వచ్చాయి. పువ్వు రాలేదు. ఒక వారం చూశారు, ఇంకో వారం చూశారు. గేటు నుంచి మొదలుపెట్టి మడంతా ఉత్త ఆకులే. కుళాయి దగ్గర బురదలో మాత్రం ఒక్క కుదురు, ఏమీ జరగనట్టు, పసుపుపచ్చగా పూసింది.

మేడవాళ్ళ సమావేశం మెట్ల కింద జరిగింది. ఇంటింటి నుంచి తెచ్చుకున్న కుర్చీల్లో కూర్చున్నారు. సెక్రటరీగారు గొంతు సవరించుకున్నాడు.

"పూల కోసమన్నారు, ఊరుకున్నాం. ఇప్పుడు పూలూ లేవు. గడ్డి పెంచుకోవడానికి నేల ఎందుకు? మేస్త్రీతో మాట్లాడాను. రాళ్ళు పరిచేద్దాం."

"కుళాయి దగ్గర పూసింది," అంది కత్తెరక్క.

"ఒక్క కుదురుకా అమ్మా మడి?"

అందరూ నవ్వారు. చేతులెత్తమంటే ఎత్తారు. కత్తెరక్క మాట్లాడకుండా లేచి వచ్చేసింది. ఆమె మాట్లాడకుండా రావడం చూసి కొందరు గెలిచామనుకున్నారు. ఆమెను ఎరిగినవాళ్ళు మాత్రం కాస్త కంగారుపడ్డారు.

ఆమె నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, బురదలో గొంతుక్కూర్చుంది. ఇదొక్కటే ఎందుకు పూసింది? నీళ్ళా? నీళ్ళు మిగతా వాటికీ పోస్తూనే ఉంది. బూడిదా? బూడిద అంతటా చల్లారు.

"ఏమ్మా, పోయినేడు దీనికి నువ్వు జడ వేయలేదా?"

ఆడపడుచు గుమ్మంలోంచే అంది, "అక్కడ బురద కదా వదినా, కాళ్ళు పాడవుతాయని..." అని, సగంలో ఆగిపోయింది.

చేతిలో విడిపోయిన జడ, లోపలి తెల్లటి పాయలు ఇద్దరికీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. ఎండ తగలని ఆకు ఏం తింటుంది, దుంపకు ఏం పెడుతుంది? అంత బిగువుగా అల్లారు మరి. బిగువే వాళ్ళ పేరు.

"కడుపు మాడ్చాం వాటిని," అంది కత్తెరక్క.

ఆడపడుచు గుమ్మం పట్టుకుని ఏడుపు లంకించుకుంది. "నా చేతులు పడిపోను. నేను వచ్చిన దగ్గర్నుంచీ నీకు ఏదో ఒక గొడవే వదినా. నోరు మూయిద్దామని చేశాను..."

"ఏడిస్తే పూస్తాయా? జడ వేసింది నువ్వు. బాగుందన్నది నేను. ఇద్దరం కలిసే తగలేశాం. ఇంక ఆపు." కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. "ఇంకోమాట. ఎవరి నోరో మూయించడానికి నువ్వు తెల్లారకుండా లేచి ఏమీ చేయక్కర్లేదు ఈ ఇంట్లో. వాళ్ళ నోరు, వాళ్ళిష్టం. తెరుచుకోనీ."

"మరిప్పుడు?"

"ఈ ఏడు ఆకును కడుపు నిండా తిననివ్వాలి. అప్పుడు గానీ వచ్చే ఏడు సంగతి తేలదు."

"రాళ్ళు తెస్తున్నారు కదా?"

"తేనీ."

రాళ్ళు తెచ్చారు. ఒక పొద్దున్నే లారీ వచ్చి గేటు బయట రాళ్ళూ ఇసకా దింపింది. మేస్త్రీ, ఇద్దరు కూలీలు పలుగూ పారా పట్టుకుని లోపలికి రాబోయారు. గేటు నుంచి మడి పక్కగా ఒక్కటే కాలిదారి, తోపుడుబండి అందులోంచే పోవాలి. ఆ దారికి అడ్డంగా, సరిగ్గా నట్టనడుమ, ఇనుప కుర్చీ ఉంది.

బేకరీ నుంచి వచ్చిన భర్త, దారిన పోతున్న పాలబ్బాయి, వదినా ఆడపడుచులు కలిసి దాన్ని ఈడ్చుకొచ్చారు. ఎందుకని భర్త అడగలేదు. పెళ్ళయిన కొత్తలోనే ఆ అలవాటు మానుకున్నాడు. కుర్చీని చూసి, ఆమెను చూసి, "టీ తాగి పడుకుంటా. అరుపులు మరీ పెద్దవైతే లేపు," అని లోపలికి పోయాడు.

కుర్చీలో సెక్రటరీగారి భార్య కూర్చుని ఉంది. మెడ చుట్టూ తెల్లగుడ్డ. ఆ రోజు ఆమె జుట్టు కత్తిరించుకోవడానికి వస్తానని ముందే చెప్పింది. షాపులో వెలుతురు చాలదు, ఆరుబయట కూర్చుందాం పిన్నిగారూ అంటే సరేనంది. ఆమెకు ఏమీ తెలియదని కొందరు అంటారు. కత్తెరక్క మాత్రం, "తెలియకపోవడమా? గుడ్డ కట్టేటప్పుడే నవ్వుతోంది," అంటుంది.

మేస్త్రీ నోరు వెళ్ళబెట్టాడు. "ఏంటమ్మా ఇది? దారి ఇవ్వండి."

"కస్టమరుంది. అవనీ."

"ఎంతసేపు?"

"జుట్టును బట్టి."

సెక్రటరీగారు బనీనుతోనే మెట్లు దిగొచ్చాడు. "కత్తెరమ్మా! ఇది పద్ధతేనా? నలుగురూ కూర్చుని నిర్ణయించిన మాట. కుర్చీ తీయండి!"

"తీస్తానండి. పిన్నిగారిని లేపండి."

అప్పుడు చూశాడు ఆయన గుడ్డ కింద ఎవరున్నారో. ఒక పక్క జుట్టు చెవి దాకా కత్తిరించి ఉంది, రెండో పక్క భుజం మీదికి వేలాడుతోంది.

"లే," అన్నాడు.

"ఎలా లేవను? సగం తలతో వీధిలోకి పొమ్మంటారా?" అంది ఆమె, అద్దం లేకపోయినా అద్దంలోకి చూస్తున్నట్టే ముందుకు చూస్తూ.

"తొందరగా కానివ్వమను!"

"తొందరపడితే ఎగుడుదిగుడవుతుంది. అసలే మీకు అన్నీ సమానంగా ఉండాలి కదా," అంది పిన్నిగారు. కూలీల్లో ఒకడు పారకు ఆనుకుని కిసుక్కున నవ్వాడు.

కత్తెరక్క కత్తెర ఆడిస్తూనే ఉంది. మామూలుగా ఆమె చేతికి అది ఎంతసేపటి పని! ఆ రోజు ఒక్కో పాయను దువ్వి, కొలిచి, వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ దువ్వి, వెంట్రుకవాసి చొప్పున కత్తిరించింది. ఆమె అయ్యేసరికి బల్ల మీద ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వాళ్ళ తర్వాత ఆడపడుచు చేత జడలు వేయించుకోవడానికి ముగ్గురు. కబురు వీధిలో పాకింది. కత్తిరించుకునే అవసరం లేనివాళ్ళు కూడా వచ్చి వంతు కట్టారు. పిల్లలు గోడెక్కి కూర్చున్నారు.

మధ్యాహ్నానికి మేస్త్రీ ఇసక కుప్ప మీద కూర్చుని తువ్వాలుతో విసురుకుంటూ, "అమ్మా, నాకు అవతల ఇంకో పనుంది. ఒక్క మాట చెప్పు. ఎన్నాళ్ళు అడ్డుకుంటావు?" అన్నాడు.

"ఆ ఆకు ఎండేదాకా."

"ఎప్పుడెండుతుంది?"

"దాన్నడుగు."

మేస్త్రీ మడి వంక చూశాడు, కుర్చీ వంక చూశాడు, వంతు కట్టిన జనం వంక చూశాడు. లేచి దుమ్ము దులుపుకుని, "సార్, వీళ్ళతో తేల్చుకుని కబురు చేయండి. ఈలోపు అవతలి పని చూసుకుంటా," అని కూలీలతో వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, వచ్చేటప్పుడు జుట్టు కత్తిరించుకోవచ్చా అని అడిగాడు. "గడ్డం కూడా గీస్తా. పలుగు మాత్రం బయట పెట్టిరా," అంది కత్తెరక్క.

సెక్రటరీగారు గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువుంది. "ఎందుకమ్మా ఇంత మొండితనం? ఒకవేళ వచ్చే ఏడు కూడా పూయకపోతే?"

అంతసేపట్లో కత్తెరక్క మొదటిసారి కత్తెర ఆపింది.

"మీరన్నది నిజం. ఈ ఏడు పూయలేదు. అది వాటి తప్పు కాదు, మాది. పోయినేడు అందంగా ఉండాలని జడలు వేసి చంపుకున్నాం. మీరు కూడా మెచ్చుకున్నారు, గుర్తుందా? ఈ ఏడు వాటిని వాటి మానాన వదిలేస్తాం. వాలతాయి, ఎండుతాయి, దారి మీద పడతాయి, చెత్తగా ఉంటాయి. ఎవరూ ముట్టకూడదు. వచ్చే వసంతానికి మడి పూయకపోతే మీ మేస్త్రీ అక్కర్లేదు. ఆ రాళ్ళు నేనే మోసి పరుస్తా."

ఆడపడుచు చేతిలో జడ ఆగిపోయింది. "వదినా..."

"నువ్వు అల్లు."

ఆ మాటకు అందరూ సాక్షులే. సెక్రటరీగారు రాళ్ళను గోడ వారగా, ఒకదాని మీద ఒకటి, అంచులు కలిసేలా పేర్పించాడు. వేసవి, వాన, చలి, ఆ రాళ్ళు అక్కడే ఉండి, మడి వంక చూస్తూనే ఉన్నాయి.

ఆకులు వాలాయి. పండాయి. దారికి అడ్డం పడ్డాయి. "ఏం కత్తెరమ్మా, మీ మడికి తల దువ్వరా?" అన్నారు పై అంతస్తువాళ్ళు. "దువ్వను. పేలున్నా తీయను," అంది. ఆకులన్నీ ఎండి చేతికి ఊడొచ్చేదాకా కుర్చీ ఆరుబయటే ఉంది. చినుకులు పడితే గొడుగు కట్టి పని చేశారు. ఆడపడుచు మాత్రం ఆ దారిలో నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేది. పొరపాటున ఎక్కడ సర్దేస్తానోనని.

చలి తగ్గే రోజులు వచ్చాయి. ముక్కులు లేచాయి. ఆకులు ఈసారి కాస్త వెడల్పుగా వచ్చాయి. అయినా పోయినేడూ ఆకులు వచ్చాయి కదా. ఆడపడుచు చూడలేక షాపు కిటికీకి పరదా వేసింది. కత్తెరక్క ఒక పొద్దున వెళ్ళి మడి దగ్గర కూర్చుని, ఒక్కో కుదురులో ఆకుల మొదట్లోకి వేళ్ళు పోనిచ్చింది. జుట్టు కింద తలలో ఏముందో చూడకుండానే చెప్పగల వేళ్ళు అవి. గేటు దగ్గర మొదటి కుదురులో ఏమీ తగల్లేదు. రెండోదీ అంతే. మూడోదాంట్లో కూడా ఉత్త ఆకే. ఆమె లేవలేదు. పక్కకు జరిగింది. తర్వాతి దాంట్లో ఆకుల మధ్య గట్టిగా, చిటికెనవేలి కొసంత ఉబ్బు ఒకటి తగిలింది.

"పరదా తియ్యి," అని లోపలికి కేకేసింది.

మడంతా పూయలేదు. గేటు దగ్గర, జడలు బాగా బిగిసిన చోట, ఇంకా ఉత్త ఆకులే. నడుమ అక్కడొకటి ఇక్కడొకటి. కుళాయి వైపు మాత్రం విరగబూసింది. సెక్రటరీగారు దిగొచ్చి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాడు.

"సగం కూడా లేవే," అన్నాడు.

"పూయాలన్నాను. ఎన్ని పూయాలో మీరూ అనలేదు, నేనూ అనలేదు."

"ఈ చివర ఏమీ లేదు కదా?"

"వాటి ఆకలి పెద్దది. ఇంకో ఏడు తింటాయి."

పైన కిటికీలోంచి పిన్నిగారు గట్టిగా నవ్వింది. ఆయన తలెత్తి చూసి, మళ్ళీ మడి వంక చూసి, గోడ వారన రాళ్ళలో పక్కకు జరిగిన ఒకదాన్ని కాలితో సరిచేసి, వీధిలోకి వెళ్ళిపోయాడు. కారు మీద కొత్త గీతలేమైనా పడ్డాయేమో చూసుకోవాలి.

పూలు వాడాక కత్తెరక్క షాపులోంచి చిన్న కత్తెర తెచ్చింది. ఒక్కో వాడిన తలనూ తుంచి కొంగులో వేసుకుంది. ఆఖరిదాన్ని తుంచి, కత్తెర మూసి, నడుమున దోపుకుంది. ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ అమ్మాయి చేతులు ఇప్పుడు వెనక్కి కట్టుకుని లేవు.

సంచీతో బజారు నుంచి వస్తున్న సెక్రటరీగారు గేటు దగ్గర ఆగాడు. అప్పుడే ఒకటి రెండు ఆకులు దారి మీదికి వాలుతున్నాయి. వాటిని దాటి అడుగు వేశాడు.

"ఇంక ఈ ఆకులు ఎప్పటిదాకా ఇలా?"

కత్తెరక్క తలెత్తలేదు. వాలిన ఆకును తిరిగి లేపనూ లేదు.

"కడుపు నిండేదాకా," అంది.